గురవయ్యన్నకు మూడు టేబుళ్లు

2023 జనవరి ఆఖరి వారం. మార్కాపురంలో ఆర్టీసీ బస్టాండు దగ్గర, ఒక ఫ్యాన్సీ దుకాణం పైన, మొదటి అంతస్తులో మా ట్రావెల్స్ ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు ప్రపంచ పటం. నేను ఈ పనిలోకి వచ్చి అప్పటికి పదమూడేళ్లు. మొదట్లో రైలు టికెట్లు, బెంగళూరు బస్సులు, కాశీ షిర్డీ యాత్రలు. రానురాను గిద్దలూరు, కంభం బట్టల దుకాణాల వాళ్లు, మా ఊరి బంగారు అంగళ్ల వాళ్లు పిల్లల సెలవులకు సింగపూరు, దుబాయి అని అడగడం మొదలుపెట్టినారు. వాళ్లతో పాటు నేనూ నేర్చుకున్నాను.

టికెట్ తీసిస్తే మా పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి విమానం దిగిన తర్వాతి సంగతులే మాకు ఎక్కువ పని. థీమ్ పార్కులకు పోయేవాళ్లకైతే తినే చోటు కూడా ముందే పట్టిపెట్టాలి. పార్కులో రెండు రకాల హోటళ్లు ఉంటాయి. ఒకటి, మనమే వరసలో నిలబడి ట్రేలో తెచ్చుకునేవి. వీటికి బుకింగ్ అక్కర్లేదు గానీ సెలవుల్లో కుర్చీ దొరకడం కష్టం. రెండోది ‘టేబుల్ సర్వీస్’. మన పేరు మీద టేబుల్ ఉంటుంది, కూర్చుంటే వాళ్లే తెచ్చి వడ్డిస్తారు. వీటిలో కొన్నింట్లో ‘క్యారెక్టర్ డైనింగ్’ అని ఉంటుంది. పిల్లలు టీవీలో చూసే బొమ్మల వేషాలు వేసుకున్నవాళ్లు ఒక్కొక్క టేబుల్ దగ్గరకూ వచ్చి పిల్లలను పలకరించి ఫోటోలు దిగుతారు. ఈ టేబుళ్లకు బుకింగ్ అరవై రోజుల ముందు తెరుస్తారు. మంచివి నిమిషాల్లో అయిపోతాయి.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. నాలుగు మెట్లు ఎక్కి ఆగింది. మళ్లీ మూడు ఎక్కి ఆగింది. ఎవరో ముసలాయన అనుకుని లేచి తలుపు దగ్గరికి పోయినాను. ముసలాయన కాదు. యాభై ఏళ్ల మనిషి. తెల్ల చొక్కా, నూనె పెట్టి దువ్విన జుట్టు. ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చెయ్యి భార్య భుజం మీద వేసి నిలబడివున్నాడు. నన్ను చూసి అరచెయ్యి ఎత్తినాడు, ఆగమన్నట్టు.

“ఒక నిమిషం తాళమ్మా. ఊపిరి కుదురుకోవాల” అన్నది భార్య.

కూర్చోబెట్టి నీళ్లిచ్చినాను. ఆయన పేరు గురవయ్య. భార్య రమణమ్మ. ఆయన పదహారేళ్ల వయసు నుంచి పలకల ఫ్యాక్టరీల్లో రాయి కోసినాడు. తర్వాత సొంతంగా చిన్న ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. యజమాని అయినా రంపం మిషను దగ్గర నిలబడటం మానలేదట. నాలుగేళ్ల కిందట దగ్గు పట్టుకుంది. మొదట టీబీ అని మందులు వాడినారు. తగ్గకపోతే గుంటూరు పోయినారు. అక్కడి డాక్టరు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నదని, దాన్ని సిలికోసిస్ అంటారని, పోయేది కాదని చెప్పినాడు. ఫ్యాక్టరీ అమ్మేసినారు. పెళ్లయిన పదిహేనేళ్లకు పుట్టిన ఒక్కతే కూతురు అక్షిత. ఐదో తరగతి.

“పిల్లను ఆ బొమ్మల పార్కుకు తీసకపోవాల చెల్లెమ్మా” అన్నాడు గురవయ్యన్న. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతాడు, మళ్లీ అక్కడినుంచే అందుకుంటాడు. “దాని క్లాసు పిల్ల ఒకతె పోయొచ్చి ఫోటోల పుస్తకం తెచ్చిందంట. ఇది నన్నేమీ అడగలేదు. అడగకుండా ఉండేదే నాకు కష్టంగా ఉండాది.”

“అంత దూరం నడవడం ఉంటుందన్నా. వీల్‌చెయిర్ చెప్తాను. పార్కు గేటు దగ్గరే ఇస్తారు” అన్నాను.

“వద్దు.”

“అందరూ వాడతారన్నా. దాంట్లో తప్పేముంది?”

“తప్పని కాదు. ఆడ దిగిన ఫోటోలు పిల్ల కాడ బతికినన్నాళ్లు ఉంటాయి. దాంట్లో నాయన చక్రాల కుర్చీలో ఉండగూడదు.” ఊపిరి అందుకున్నాడు. “నేను ఆలోచన చేసినా. హోటల్లో అందరూ కూసోనే ఉంటారు గదా. ఆడ నేను కూసుంటే జబ్బు మనిషి అని ఎవరికి తెలుస్తాది? అందరి నాయనల మాదిరే ఉంటా.”

పదమూడేళ్లలో ఎంతోమందికి టేబుళ్లు పట్టినాను. శాకాహారం కావాలని, కిటికీ పక్కన కావాలని, ఉల్లి వెల్లుల్లి లేకుండా కావాలని అడిగినారు. కుర్చీ కోసం టేబుల్ అడిగిన మొదటి మనిషి గురవయ్యన్న.

నాకు ఉత్సాహం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, అది నిజం. పార్కు మ్యాపు తీసి ప్రింటు చేసి ఎర్ర పెన్నుతో మూడు సున్నాలు చుట్టినాను. పొద్దున గేటుకు దగ్గరలోనే క్యారెక్టర్ డైనింగ్ ఉంది. బొమ్మలను వెతుక్కుంటూ పిల్ల వెనక ఈయన తిరగనక్కర్లేదు, అవే ఈయన టేబుల్ దగ్గరికి వస్తాయి. మధ్యాహ్నం ఊరేగింపు పోయే దారి మీదికి కిటికీలున్న హోటల్ ఒకటి. “మన చెన్నకేశవుని తేరు వీధిలో పోతుంటే అరుగు మీద కూర్చుని చూస్తాం గదన్నా, అట్ల” అని చెప్పినాను. సాయంత్రం ఐదుకు చెరువు పక్కన ఇంకొకటి. అక్కడినుంచి పిల్లలు ఎక్కే పడవలు కనబడతాయి. అక్షిత తల్లితో కలిసి ఎక్కుతుంది, ఈయన కూర్చున్నచోటి నుంచే చెయ్యి ఊపొచ్చు.

ఆయన ఆ మూడు సున్నాలను వేలితో తాకి చూసినాడు. “ఇట్ల కూడా పోవచ్చన్నమాట” అన్నాడు భార్యతో.

“ఎప్పుడు పోవాలనుకుంటున్నారు?” అని అడిగినాను.

“పాస్‌పోర్టులు పోయినేడే తీసిపెట్టినా. ఫిబ్రవరి ఆఖర్లో గానీ, మార్చి మొదట్లో గానీ.”

కంప్యూటర్లో చూసినాను. ఆ రోజులకు బుకింగ్ తెరిచి చాలా రోజులైంది. పొద్దుటి టేబుల్ లేదు. కిటికీ హోటల్ లేదు. చెరువు పక్కది మాత్రం ఒకటి, అదీ మధ్యాహ్నం మూడుకు. “మార్చిలో అయితే మూడూ దొరకవన్నా. మే మొదటి వారం అయితే పిల్లకు పరీక్షలు కూడా అయిపోతాయి. బుకింగ్ మార్చిలో తెరుస్తారు. తెరిచిన నిమిషమే నేను పట్టేస్తా, మూడూ మనవే.”

“మే దాకానా?” అన్నాడు.

“మూడు నెలలే గదన్నా.”

“ముందర పోయేదానికి ఏమీ లేదా చెల్లెమ్మా? ఒక టేబుల్ ఉన్నా సరే.”

“ఒక టేబుల్‌తో మీరు ఇబ్బంది పడతారు. మిగతా టైమంతా ఎక్కడ కూర్చుంటారు? ఇంత ఖర్చు పెట్టి పోయేది ఒకసారి, తృప్తిగా పోవాలి గదా.”

ఆయన భార్యవైపు చూసినాడు. రమణమ్మ వదిన ఏదో చెప్పబోయింది. ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేసినాడు, మెత్తగా. ఆమె ఆగిపోయింది. అది నేను చూసినాను. చూసి, మొగుడూపెళ్లాల మధ్య సంగతి అనుకుని కంప్యూటర్ వైపు తిరిగినాను.

“సరే. నీకు తెలిసిన పని. మే అంటే మేలోనే పోదాం” అన్నాడు.

నేను టేబుళ్ల గురించి చెప్తున్నాను, ఆయన రోజుల గురించి అడుగుతున్నాడు. ఆ తేడా నాకు ఆ రోజు తెలియలేదు.

ఫిబ్రవరి అంతా ఆయన నడక నేర్చుకున్నాడు. నడక నేర్చుకోవడమేంది అని నవ్వకండి. గేటు నుంచి మొదటి హోటల్ ఎంత దూరం, అక్కడినుంచి రెండోది ఎంత దూరం అని మ్యాపు మీద కొలిచి చెప్పమన్నాడు. చెప్పినాను. అన్నిటికన్నా దూరమైంది మా హైస్కూలు గ్రౌండు చుట్టూ ఒక రౌండు వేసినంత. రోజూ పొద్దున అక్షితను తీసుకుని గ్రౌండుకు పోయేవాడు. నేను ఆ పక్కనే ఉంటాను కాబట్టి అప్పుడప్పుడు చూసేదాన్ని. పిల్ల ముందు పరుగెత్తి ఇరవై అడుగుల దూరంలో ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుచూసేది. ఈయన మెల్లగా చేరుకుని నిలబడేవాడు. మళ్లీ పిల్ల పరుగెత్తేది. “ఈరోజు నాలుగు సార్లే ఆగినాడు ఆంటీ. నిన్న ఆరు” అని ఒకసారి నాకు రిపోర్టు ఇచ్చింది.

ఒకరోజు ఫోన్ చేసి, “చెల్లెమ్మా, ఆడ సంగటి దొరుకుతాదా?” అన్నాడు.

“దొరకదన్నా. అన్నం దొరుకుతుంది.”

“పులుసు?”

“అది కూడా కష్టమే.”

“మరి నేను ఆ టేబుల్ కాడ కూసోని ఏం చేసేది?” అని నవ్వినాడు. ఆ నవ్వు దగ్గులోకి పోయింది, ఫోన్ రమణమ్మ వదిన తీసుకుంది.

మార్చిలో బుకింగ్ తెరిచే రోజు వచ్చింది. పార్కు ఉన్న దేశం గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ తొమ్మిదికి తెరిస్తే మనకు ఆరున్నర. తాను చూస్తుండగానే పట్టాలని గురవయ్యన్న అడిగినాడు. మా మెట్లు ఎక్కించడం ఇష్టం లేక నేనే లాప్‌టాప్ తీసుకుని వాళ్లింటికి పోయినాను. వరండాలో నులక మంచం మీద నేను, పక్కన కుర్చీలో ఆయన. అక్షిత తల దువ్వుకోకుండానే వచ్చి నా భుజం మీదుగా తెరలోకి చూస్తా నిలబడింది.

ఆరున్నర కొట్టింది. పొద్దుటి క్యారెక్టర్ డైనింగ్ నొక్కితే ఎనిమిదిన్నర టేబుల్ కళ్ల ముందే మాయమైంది. తొమ్మిదింపావుది నొక్కినాను. పడింది. అక్షిత ఎగిరింది. కిటికీ హోటల్ పన్నెండున్నరకు. పడింది. చెరువు పక్కది ఐదుకు. అదీ పడింది. ఆరు నిమిషాల్లో మూడూ మావే. నా పనిలో నేను ఇంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

అక్షిత కాఫీ తేవడానికి లోపలికి పోయింది. పొద్దుటి టేబుల్ ఫారంలో ఒక ప్రశ్న మిగిలింది. మీరు ఏదైనా పండగ చేసుకుంటున్నారా, పుట్టినరోజా, పెళ్లిరోజా అని అడుగుతారు. ఏదైనా రాస్తే చిన్న కేకు తెచ్చి పాట పాడతారు.

“ఏం రాయమంటారన్నా?”

“పిల్ల పుట్టినరోజని రాయి.”

“మేలోనా పుట్టినరోజు?”

“నవంబరు.”

“మరి?”

“నవంబరు ఎవరు చూడొచ్చినారు లేమ్మా” అన్నాడు. నవ్వుతానే అన్నాడు.

రమణమ్మ వదిన గడప దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నది. ఆమె చేతులు ఆగిపోయినాయి. తల మాత్రం ఎత్తలేదు.

నేను పుట్టినరోజు అని టిక్కు పెట్టినాను.

ఆ మాట నాకు వినబడలేదని కాదు. వినబడింది. కానీ ఫారం పూర్తి చేయకపోతే టేబుల్ పోతుందని తొందర. తర్వాత కాఫీ వచ్చింది, పిల్ల వచ్చింది, మాట మారిపోయింది. అప్పటికైనా టైముంది. మార్చి మొదటి వారమే. ఆ రోజు లాప్‌టాప్ మూసి, “అన్నా, డాక్టరు ఏమన్నాడు?” అని ఒక్కమాట అడిగివుంటే, పది రోజుల్లో వాళ్లను విమానం ఎక్కించేదాన్ని. నేను అడగలేదు. బుకింగ్ కాగితాలు ప్రింటు తీసి ఇచ్చినాను. ఆయన వాటిని లామినేషన్ చేయించుకున్నాడని తర్వాత తెలిసింది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరినాయి. మా వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, పొద్దున తొమ్మిదికే రోడ్లు ఖాళీ. గ్రౌండులో తండ్రీకూతుళ్లు కనబడటం మానేసినారు. ఎండకు రావడం లేదులే అనుకున్నాను. ఏప్రిల్ ఇరవై ప్రాంతంలో రమణమ్మ వదిన ఫోన్ చేసింది. జ్వరం వచ్చి నెమ్ము చేసిందని, ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నామని, ఆక్సిజన్ పెట్టినారని చెప్పింది.

“ప్రయాణం?” అన్నాను. ఆ పరిస్థితిలో అడగకూడని మాట.

“ఆయన కూడా అదే అడుగుతా ఉన్నాడు” అన్నది.

ఆక్సిజన్ మీదున్న మనిషి విమానం ఎక్కాలంటే ‘ఫిట్ టు ఫ్లై’ అని డాక్టరు రాసివ్వాలి. విమానంలో గాలి పలచగా ఉంటుంది, ఈయన తట్టుకుంటాడు అని డాక్టరు పూచీ పడటం లాంటిది. ఆ ఫారం నేనే పంపినాను. డాక్టరు సంతకం పెట్టలేదు. పెట్టడని నాకూ తెలుసు.

మే మొదటి వారంలో, వాళ్లు పార్కులో ఉండాల్సిన రోజుల్లో, నేను వాళ్లింటికి పోయినాను. గదిలో ఆక్సిజన్ మిషను ఒకటే మోత. ముక్కుకు ట్యూబు. నెలన్నరలో మనిషి సగమైనాడు. మంచం పక్కన గోడకు ఆ లామినేషన్ కాగితాలు మేకుకు వేలాడుతున్నాయి. అక్షిత మంచం కాళ్ల దగ్గర కూర్చుని హోంవర్కు పుస్తకంలో ఏదో గీస్తున్నది. నన్ను చూసి పలకరించలేదు.

“చెల్లెమ్మా, జూన్‌కు జరుపు” అన్నాడు గురవయ్యన్న. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి. “వానలు పడితే… సర్దుకుంటాది… అప్పుడు పోదాం.”

రమణమ్మ వదిన నావైపు చూసింది. జరపమన్నట్టా, వద్దన్నట్టా నాకు అర్థం కాలేదు.

“అట్లనే అన్నా” అన్నాను. అక్కడే కూర్చుని ఫోన్‌లో టికెట్లు, గది జూన్‌కు జరిపి టేబుళ్లు చూసినాను. జూన్ మూడో వారంలో పొద్దుటిది దొరికింది, సాయంత్రం చెరువు పక్కది దొరికింది. కిటికీ హోటల్ దొరకలేదు. ఎన్నిసార్లు నొక్కినా లేదు.

“మూడూ… దొరికినాయా?”

“మూడూ దొరికినాయన్నా.”

“నువ్వు గట్టిదానివి” అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు నేను అక్కడే కూర్చున్నాను. ఎప్పుడు లేవాలో తెలియలేదు.

మే ఇరవై దాటినాక ఒక మధ్యాహ్నం ఆయన పోయినాడు.

చూడటానికి పోయినప్పుడు రమణమ్మ వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. ఆఫీసుకు వచ్చి టికెట్లు రద్దు చేసినాను. హోటల్ గది, పార్కు ప్రవేశం అన్నీ రద్దు చేసినాను. ఇక్కడ మా పనిలోని ఒక మెలిక చెప్పాలి. తినే టేబుళ్లు వీటితో కలిసి ఉండవు. ఒక్కొక్కదాన్నీ విడిగా తెరిచి రద్దు చేయాలి. చెరువు పక్కది రద్దు చేసినాను. ఇంతలో ఎవరో తిరుపతి బస్సు కోసం వచ్చినారు. పొద్దుటిది మర్చిపోయినాను.

జూన్ మూడో వారంలో రమణమ్మ వదిన, అక్షిత ఆఫీసుకు వచ్చినారు. వదిన మెట్లెక్కి వచ్చి కూర్చుని, చీర చెంగులో నుంచి గురవయ్యన్న ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది.

“దీంట్లోకి ఏందో ఇంగ్లీషులో వచ్చింది లలితమ్మా. పాపను చదవమంటే చదవనంటాది. బ్యాంకోళ్లదేమో అని తెచ్చినా. చూడు.”

చూసినాను. పార్కు హోటల్ నుంచి వచ్చిన గుర్తు చేసే మెసేజ్. గురవయ్య గారూ, మీ ముగ్గురికీ టేబుల్ సిద్ధంగా ఉంటుంది, మీ ఇంట్లో పుట్టినరోజును మీతో కలిసి జరపాలని ఎదురుచూస్తున్నాం, పావుగంట ముందు రండి అని ఉంది.

“ఏం రాసినారు?” అన్నది వదిన.

అబద్ధం చెప్పొచ్చు. నెట్‌వర్క్ కంపెనీ వాళ్లది అనొచ్చు. కానీ చదవనన్న పిల్ల అక్కడే నిలబడి నన్నే చూస్తున్నది. దానికి ఏం రాసుందో తెలుసు. చదివి తెలుగులో చెప్పినాను. రద్దు చేయడం మర్చిపోయినానని, తప్పు నాదేనని చెప్పినాను.

వదిన కోపం చేసుకోలేదు. ఫోన్ వెనక్కి తీసుకుని తెరను చెంగుతో తుడిచింది. తనే మొదలుపెట్టింది.

“గుంటూరు డాక్టరు జనవరిలోనే చెప్పినాడమ్మా. ఇప్పుడైతే పోగలవు, ఎండలు రాకముందే పోయి వచ్చేయండి, తర్వాత నేను చెప్పలేను అన్నాడు. ఆ మర్నాడే నీ కాడికి వచ్చినాము.”

“ఆ రోజు చెప్పివుంటే…” అన్నాను.

“నేను చెప్పబోయినా. ఆయన చెప్పనీలేదు. నువ్వు మూడు టేబుళ్లు దొరుకుతాయంటివి, ఆశపడినాడు. మూడు నెలలు నేను నిలబడలేనా రమణా, పిల్ల మంచిగా చూస్తాది అన్నాడు ఇంటికి పోయి. నువ్వేం జేస్తావులే. నువ్వు ఆయన మంచికే చెప్తివి.”

ఆ మాట తిట్టుకన్నా బరువుగా తగిలింది. తిడితే జవాబు చెప్పుకోవచ్చు.

అప్పటిదాకా అక్షిత గోడ మీది పటం వైపు తిరిగి నిలబడివుంది. అక్కడినుంచే, ఇటు తిరగకుండానే అడిగింది.

“ఆంటీ, మార్చిలో టేబుల్ ఎందుకు లేకపోయింది?”

“ఒకటే ఉండిందమ్మా. మూడూ లేకుంటే నాయన కూర్చోడానికి ఇబ్బంది అవుతుందని…”

“కింద కూర్చునేవాళ్లం గదా.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“నాయన కింద కూర్చుంటే నేనూ అమ్మా కూడా కింద కూర్చునేవాళ్లం. ముగ్గురం కూర్చుంటే జబ్బు మనిషి అని ఎవరికి తెలుస్తుంది?”

పదేళ్ల పిల్ల. ఆ రోజు తండ్రి నా దగ్గర అన్న మాట దానికి ఎట్ల తెలిసిందో నేను అడగలేదు. ఇంట్లో అనేవాడేమో. మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఎన్ని రోజులు ఇదే ఆలోచించుకుందో. వదిన దాన్ని దగ్గరికి లాక్కుని, “అట్ల అనగూడదు, పద” అన్నది. ఇద్దరూ మెట్లు దిగిపోయినారు. నేను కంప్యూటర్ తెరిచి ఆ ఆఖరి టేబుల్ రద్దు చేసినాను. రద్దుకు కారణం ఏమిటని తెర మీద ఒక గడి వచ్చింది. ఆ గడి ఖాళీగా వదిలేసినాను.

మా పనిలో కొత్తగా చేరేవాళ్లకు ముందుగా నేర్పేది ఒకటే. ఏదీ వదలొద్దు, ముందే పట్టాలి, మంచిది దొరికేదాకా ఆగాలి. నేనూ అదే నేర్చుకున్నాను, అదే అందరికీ చెప్పినాను. దాని కోసం మంచిపేరు కూడా తెచ్చుకున్నాను. గురవయ్యన్న విషయంలో ఆ మంచితనమే ఆయన రోజులను తినేసింది. జబ్బు ఆయన్ను ఎట్లాగూ తీసుకుపోయేదే. పార్కుకు పోయివుంటే నాలుగు రోజులు ఎక్కువ బతికేవాడని నేను అనను. అలసిపోయేవాడు, దగ్గేవాడు, ఎక్కడో చెట్టు నీడన కింద కూలబడేవాడు. కానీ ఆ నీడ కింద పక్కన పిల్ల ఉండేది. ఆయనకు ఏది కావాలో నేను నిర్ణయించినాను. ఆయన రెండుసార్లు అడిగినాడు. మే దాకానా అని ఒకసారి, ఒక టేబుల్ ఉన్నా సరే అని ఒకసారి. రెండుసార్లూ నా దగ్గర సిద్ధంగా జవాబు ఉంది. జవాబు సిద్ధంగా ఉన్న మనిషికి ప్రశ్న వినబడదు.

రమణమ్మ వదిన ఇప్పుడు ఇంటి ముందు చిన్న కిరాణా దుకాణం నడుపుతున్నది. అక్షిత ఎనిమిదో తరగతి. బజారులో ఎదురుపడితే బాగున్నావా ఆంటీ అంటుంది, నిలబడదు. మిమ్మల్నిద్దరినీ పార్కుకు నేను తీసుకుపోతాను, నా ఖర్చుతోనే, అని ఒకసారి వదినతో అన్నాను. “ఇప్పుడెందుకు లేమ్మా” అన్నది.

ఇప్పుడు ఎవరు వచ్చినా ఎప్పుడు పోతారని ముందు అడగను. ఎందాకా ఆగగలరు అని అడుగుతాను. కొందరికి చిరాకు, ఇదేం ప్రశ్న అంటారు. కొందరు నవ్వి, మాకేం తొందర, సెలవులకు చూడండి అంటారు. వాళ్లకు అన్ని టేబుళ్లూ పట్టిపెడతాను, ముందు లాగానే. పోయిన ఏడు త్రిపురాంతకం నుంచి ఒకాయన తల్లిని తీసుకుని కాశీకి పోవాలని వచ్చినాడు. ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా తల వంచుకుని కూర్చున్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. ఆ వారానికే టికెట్లు తీసినాను. రైల్లో కింది బెర్తులు దొరకలేదు, గుడి దగ్గర గది దొరకలేదు, ఏదీ సరిగా కుదరలేదు. ఆయన ఆ కాగితాలు రెండు చేతులతో అందుకుని, ఈ గురువారమే గదమ్మా అని మళ్లీ ఒకసారి అడిగి, తొందరగా మెట్లు దిగిపోయినాడు.